ఖాళీగా తిరిగే మిషను

మా పెళ్ళికి గోడ గడియారాలు నాలుగు వచ్చాయి. మిక్సీ ఒక్కటీ రాలేదు. అందువల్ల కాకినాడలో మేం అద్దెకు తీసుకున్న వాటాలో ఏ మూల నిలబడినా టైమెంతో తెలుస్తుంది కానీ, కొబ్బరి పచ్చడి తినాలంటే మాత్రం కింద వాటా పిన్నిగారిని రోలు అడగాలి. కొత్తది కొందామంటే మా ఆయన చలపతి ఒప్పుకోలేదు. పెళ్ళికి ముందు గదిలో వాడిన పాత మిక్సీ ఒకటి అట్టపెట్టెలో దాచుకున్నారు. అది తిరగదు. తానే బాగుచేస్తానని పట్టుబట్టి, దాన్ని విప్పి, భోజనాల బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి ముక్కలన్నీ వరసగా పేర్చారు. ఆ రోజు నుంచి మేం కింద కూర్చుని తింటున్నాం.

"మీరు కాలేజీలో చెప్పేది లెక్కలు కదండీ," అన్నాను.

"మిక్సీ కూడా లెక్కే హైమా. ఎక్కడో ఒక మెట్టు తప్పింది. అది దొరికితే చాలు."

"దొరికేదాకా?"

"కింద కూర్చుని తింటే అరుగుదలకు మంచిదట."

నాకు నవ్వొచ్చింది. పెళ్ళై రెండు నెలలైనా నిండలేదు, ఆయన ఏమన్నా నాకు నవ్వే వస్తోంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈల వేస్తే నవ్వు. సగం గుండీలు తప్పు కన్నాల్లో పెట్టుకుని, లెక్కల మాస్టారై ఉండి లెక్క తప్పానని ఆయనే ఒప్పుకుంటే ఇంకా నవ్వు. బాల్కనీలో సన్నజాజి తీగ చిగురేసిందని ఒకరోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను కూడా.

నేను పనిచేసేది మిషన్లు బాగుచేసే కంపెనీలో. ఇళ్ళల్లో మిషన్లు కాదు. ఐసు ఫ్యాక్టరీలు, బేకరీలు, పిండిమరలు, ప్రింటింగ్ ప్రెస్సులు, ఇలాంటి వ్యాపారస్తులవి. పూర్వం ప్రతి నెలా మెకానిక్ వెళ్ళి చూసి వచ్చేవాడు. తర్వాత మా ల్యాబులో నాడి పుట్టింది.

నాడి ఒక న్యూరల్ నెట్‌వర్క్. అరచేతిలో పట్టేంత డబ్బాని మిషనుకి అంటిస్తాం. మిషను ఎలా వణుకుతోందో, ఎప్పుడు లేస్తోందో, ఎప్పుడు పడుకుంటోందో ఆ డబ్బా వింటుంది. విన్నదంతా నాడికి పంపుతుంది. ఆ వ్యాపారికి ఏ సర్వీసు కావాలో నాడి తేల్చి, అతన్ని ఒక గదిలో వేస్తుంది. మిషనుకి నూనె కావలసినవాళ్ళు ఒక గది, బేరింగు అరిగినవాళ్ళు ఒక గది, పనివాళ్ళకి శిక్షణ కావలసినవాళ్ళు ఇంకో గది. వ్యాపారం పెరిగి పెద్ద మిషను కొనవలసి వచ్చేవాళ్ళని వాళ్ళకంటే ముందే గుర్తుపడుతుంది. అది వచ్చాక ఎవరూ ఫోను చేసి మమ్మల్ని బతిమాలవలసిన పని లేకపోయింది. అవసరమైన చోటికే, అవసరమైన వస్తువుతోనే మెకానిక్ వెళుతున్నాడు. మిగిలిన మెకానిక్‌లని వేరే పనులు చూసుకోమన్నారు. దానికి మొదటి పాఠాలు చెప్పింది నేనే కాబట్టి నాకు నాడి అంటే చెప్పలేనంత గర్వం.

ఎందులోనూ ఇమడనివాటిని పెట్టుకోమని దానికొక ఖాళీ గది కూడా ఇచ్చాను. ఇంట్లో ఏం చేయాలో తోచని సామాను అటక మీద పెడతాం చూడండి, అలా. మొదట్లో ఆ గదిలోకి ఏవేవో వచ్చి పడేవి. వాటి మీద నాడికి నమ్మకం ఉండేది కాదు, తెర మీద ఒక్కో వ్యాపారికీ ఒక్కటిగా ఉండే చారలు ఆ గదిలో వెలిసిపోయిన రంగులో కనిపించేవి. కొన్ని నెలలకి చారలు చిక్కబడ్డాయి. నిండు నీలం రంగులోకి వచ్చాయి. నీలం అంటే నాడికి అనుమానం లేదని అర్థం. వీళ్ళందరికీ ఏదో ఒకే అవసరం ఉందని దానికి తెలిసిపోయింది. అదేమిటో చెప్పడం మాత్రం దానికి రాదు. గదికి పేరు పెట్టవలసింది మనుషులే.

"పేరు లేని గదికి ఏ సర్వీసు ఇస్తామమ్మా?" అన్నారు మా ల్యాబు పెద్ద ముకుందరావు గారు. "సోమవారం నుంచి నాడి అన్ని జిల్లాలకీ వెళుతోంది. ప్రతి గదికీ ఒక పేరు, ఒక సర్వీసు ఉండాలి. దీని లక్షణాలు దేనికి దగ్గరగా ఉన్నాయి?"

చూసి చెప్పాను. ఈ గదిలోవాళ్ళ మిషన్లన్నీ ఖాళీగా తిరుగుతున్నాయి. లోపల సరుకేమీ ఉండదు. కాసేపు తిరుగుతాయి, ఆగిపోతాయి. మళ్ళీ తిరుగుతాయి, మళ్ళీ ఆగిపోతాయి. మోటారు చెడిపోబోయే ముందు కూడా అచ్చం అలాగే ఉంటుంది.

"ఇంకేం, ఆ జబ్బు గదిలో కలిపెయ్."

"ఆ గదిలోకి వస్తే డబ్బా మిషనుకి తాళం వేసేస్తుంది సార్. మనిషి వెళ్ళి చూసేదాకా తెరుచుకోదు."

"మంచిదే కదా. మోటారు కాలిపోవడం కంటే ఆగిపోవడం నయం. రేపు శనివారం ఒక్కరోజు ఇక్కడ పెట్టి చూద్దాం."

నా చేత్తోనే కలిపాను.

శనివారం తెల్లారుతూనే నా ఫోను మోగింది. చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే నూకరత్నం గారు. పలకరింపు కూడా లేదు.

"నా మిషనుకి తాళం ఎవరేసేరండి?"

నాకు నిద్ర వదిలిపోయింది.

"బోట్లు వచ్చేసినాయి. చేప గట్టు మీదుంది. ఐసు దిమ్మలు నాకాడున్నాయి. దిమ్మలు కొట్టే మిషనేమో మీ డబ్బాని పొట్టకి కరుచుకుని కూచుంది. మీరొత్తారా, నన్ను సుత్తి తీసుకోమంటారా?"

మా ఆయనకి కాలేజీ సెలవు. ప్యాంటు మీద లుంగీ చుట్టుకుని ఉన్నవారు అలాగే స్కూటరు తీశారు. సగం దారిలో ఎవరో నవ్వితే గానీ ఆయనకి లుంగీ సంగతి గుర్తు రాలేదు.

మేం వెళ్ళేసరికి రేవులో గొడవగా ఉంది. ఆడవాళ్ళు ఐసు దిమ్మల్ని గోనెసంచుల్లో చుట్టి, కర్రలతో బాదుతున్నారు. ఐసు కోసం వరసలో తట్టలు ఎదురుచూస్తున్నాయి. ఎండ అప్పుడే గట్టు మీదికి ఎక్కుతోంది. భుజాన తువ్వాలు వేసుకుని, నిండుగా గాజులు తొడుక్కున్న నూకరత్నం గారు మిషను పక్కనే నిలబడి ఉన్నారు. డబ్బా మీద ఎర్రదీపం వెలుగుతోంది.

నా పరికరం తగిలించాను. మోటారు బాగుంది. బేరింగులు బాగున్నాయి. వేడి లేదు, వణుకు లేదు. జబ్బు గదిలో ఉండవలసిన లక్షణం ఒక్కటీ లేదు. తాళం తీశాను, పచ్చదీపం వెలిగింది.

"నిన్న దీనికి ఏమైందండి?" అని అడిగాను.

"ఏం కాలేదండి. మా బాగుంది. అదేనండి, మొన్న నేను దీనికి..." అని ఆవిడ మిషను కింద ఉన్న దోనెలాంటిదాన్ని చూపించబోయారు. నేను తెర మీద అంకెలు చూసుకుంటూ తలాడించాను. ఈలోగా తట్టలు మీద పడ్డాయి, ఆవిడ అటు వెళ్ళిపోయారు.

రద్దీ తగ్గాక టీ తెప్పించారు. వచ్చిన గ్లాసుల్లో ఒకటి పగిలి ఉందని మా ఆయనా నేనూ ఒకదానిలోనే తాగుతున్నాం.

"పెళ్ళై ఎన్నాళ్ళయిందమ్మా?"

"రెండు నెలలు కాలేదండి."

"అదీ సంగతి. ఇంకో గ్లాసు కడిగించొద్దురా," అని పనివాడికి కేకేసి, నా వైపు తిరిగారు. నవ్వు తగ్గింది. "ఇయ్యాల నాలుగు తట్టల చేప మెత్తబడిపోయిందండి. నేను గట్టిదాన్ని, తట్టుకుంటాను. ఆ తట్ట మోసుకుని ఊళ్ళమ్మట తిరిగేవోళ్ళు తట్టుకోలేరు. సోమారం మళ్ళీ తాళం పడిందా, డబ్బా పీకి సముద్రంలో పారేత్తాను. మీ పెద్దాయనకి చెప్పండి."

"పడనివ్వనండి," అన్నాను. ఎలా ఆపుతానో నాకే తెలియదు.

స్కూటరు ఎక్కుతుంటే వెనకనుంచి ఆవిడ అన్నారు. "డబ్బాని చూసేరు. మిషనుని చూళ్ళేదు."

అది నాకు దెప్పినట్టు వినిపించింది. అంతకంటే ఏమీ అనిపించలేదు.

దారిలో ముకుందరావు గారికి ఫోను చేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మిషను బాగుందంటే మనం అదృష్టవంతులం. ఇక్కడి మిగతా తాళాలు కూడా ఇవాళే తీయిస్తాను. కానీ సోమవారానికి ఆ గది ఏమిటో నాకు చెప్పాలి. పేరూ సర్వీసూ చెబితే విడిగా ఉంచుతాను. చెప్పలేకపోతే కలిపిన చోటే ఉంటుంది. ఈ ఒక్క గది కోసం రాష్ట్రమంతా ఆపలేను కదమ్మా."

అంటే నూకరత్నం గారి మిషనుకి మళ్ళీ తాళం పడుతుంది. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళందరికీ కూడా పడుతుంది. ఈసారి ఎండ ఇంకాస్త ఎక్కాక పడితే, నాలుగు తట్టలతో పోదు.

ఆదివారం పొద్దున్న వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. మనసు మాత్రం నీలం చారల దగ్గరే ఉంది. ఖాళీ మిషను. తిరగడం. ఆగడం. ఎవరైనా ఖాళీ మిషనుని ఎందుకు తిప్పుతారు? కరెంటు దండగ. పని లేదు, సరుకు లేదు.

ముందుగదిలోంచి గుర్ర్‌మని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

మళ్ళీ గుర్ర్‌మంది. ఆగింది.

"హైమా, ఒకసారి ఇలా రా," అన్నారు మా ఆయన. గొంతు వీలైనంత మామూలుగా పెట్టాలని చూస్తున్నారు, కుదరడం లేదు.

వెళ్ళాను. భోజనాల బల్ల మీద మిక్సీ నిటారుగా నిలబడి ఉంది. ఆయన అరచేతిలో ఒక స్క్రూ మిగిలిపోయి ఉంది. దాన్ని వెనక్కి దాచుకుని, రెండో చేత్తో మీట తిప్పారు. గుర్ర్. ఆపారు.

"అందులో ఏం వేశారండి?"

"ఏమీ వెయ్యలేదు. ఊరికే."

మళ్ళీ తిప్పారు. ఆయన చూస్తున్నది మిక్సీని కాదు, నా ముఖాన్ని. నేను నవ్వాను. ఆయన ముఖం వెలిగింది. ఆపి, ఇంకోసారి తిప్పారు.

నా నవ్వు సగంలో ఆగింది.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాను.

వేశారు. ఖాళీగా తిరిగింది. ఆగింది.

"పిన్నిగారు పైకి వచ్చినా ఇలాగే తిప్పి చూపిస్తారా?"

"పిన్నిగారిని పిలవనా?" అన్నారు ఆశగా.

"దీన్ని ఎవరూ చూడకపోతే మీరేం చేసేవారు?"

ఆయన ఆలోచించారు. "నేనే తిప్పుకుని వినేవాణ్ణేమో. ఎవరైనా వచ్చేదాకా."

నేను ఆయన చేయి పట్టుకుని ఊపేశాను. స్క్రూ కింద పడి బల్ల కిందికి దొర్లిపోయింది. "నూకరత్నం గారు మిషనుకి ఏదో చేశారు. నిన్న నాకు చెప్పబోయారు. నేను వినలేదు. మిషను చూళ్ళేదని అందుకే అన్నారు."

వంకాయల్ని నీళ్ళలోనే వదిలేసి ల్యాప్‌టాపు తెరిచాను. ఆ గదిలో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికే ఫోను చేశాను. ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నందుకు ఏమనుకోవద్దని మొదలుపెట్టి, ఒకే ప్రశ్న అడిగాను: ఈ మధ్య మిషనుకి మీ చేత్తో ఏమైనా చేశారా?

పిఠాపురం బేకరీ ఖాదర్ గారు ఉలిక్కిపడ్డారు. "మీకెవరు చెప్పేరండి?" అన్నారు. పిండి కలిపే మిషనుకి గొలుసు తనే మార్చారట. పాతది కటకటలాడేదట, ఇప్పుడు పిల్లిలా నడుస్తోందట. పిల్లిలా ఎలా నడుస్తోందో ఫోను మిషను దగ్గర పెట్టి వినిపించారు. నాకేమీ వినపడలేదు. అదే దాని గొప్పతనం అన్నారు. సామర్లకోటలో పిండిమర నడిపే వరహాలమ్మ గారు మర నోటికి రేకు గరాటు బిగించారట, దుమ్ము ఎగరడం లేదట. ప్రెస్సు నడిపే ఒకాయన కాలితో తొక్కితే ఆగేలా మీట పెట్టుకున్నారు. అది చెప్పడానికి ఆయనకి అరగంట పట్టింది. మా ఆయన నాకు కాఫీ తెచ్చి, చప్పుడు చేయకుండా పక్కన కూర్చుని వంకాయలు తానే తరిగారు.

ఖాదర్ గారు ఫోను పెట్టేసే ముందు అడిగారు. "మా సింహాచలం రావడం లేదేంటండి? నెలనెలా వచ్చేవోడు. వచ్చి మిషను చుట్టూ ఓ తిరుగు తిరిగి, ఓహో అనేవోడు. అంతేనండి. మళ్ళీ నెలదాకా నాకు చాలేది."

సింహాచలం నాడి వచ్చాక ఇంటికి పంపేసిన మెకానిక్‌లలో ఒకడు.

ఇన్ని నెలలుగా వీళ్ళు ఎవరో ఒకరు వస్తారేమోనని మిషన్లు తిప్పి చూసుకుంటున్నారు. చూసింది నాడి ఒక్కటే. అది చూసి, గుర్తుపట్టి, గుట్టుగా ఒక గదిలో దాచిపెట్టి, నాకు నీలం చారల్లో చెబుతూనే ఉంది. నేను దాన్ని తీసుకెళ్ళి జబ్బుల్లో కలిపాను. గర్వం కాస్త తగ్గింది. నాడి మీద ముద్దు మాత్రం ఎక్కువైంది.

సోమవారం ముకుందరావు గారు అంతా విన్నారు. మధ్యలో కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నారు.

"నీ మిక్సీ సాక్ష్యం చెల్లదమ్మా."

"తెలుసండి. ఇది చూడండి. శనివారం తాళం పడిన మిషన్లలో ఒక్కటి కూడా చెడిపోలేదు. ఒక్కటంటే ఒక్కటి. జబ్బు గదిలో జబ్బు లేనివాళ్ళని పెట్టాం మనం."

ఆయన తెర దగ్గరికి కుర్చీ జరుపుకుని ఒక్కొక్క చారా తానే చూశారు. చాలాసేపు పట్టింది.

"ఇది చెల్లుతుంది," అన్నారు చివరికి. "సరే. ఏం సర్వీసు?"

"వెళ్ళి చూడటం."

"చూసి?"

"బాగుంటే బాగుందనడం. బాగోకపోతే ఏం బాగోలేదో చెప్పడం."

"వీడియోలో చూస్తే చాలదూ?"

ఖాదర్ గారికి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. ముకుందరావు గారే అడిగారు, గొలుసు వీడియోలో చూపిస్తారా అని.

"చూపిత్తానండి, దాందేముంది," అన్నారు ఖాదర్ గారు. ఆ గొంతులో ఉత్సాహం లేదు. "కాపోతే తమరు వత్తారేమోనని పొద్దున్నే బన్నులు వేయించేనండి."

ముకుందరావు గారు స్పీకరు దగ్గరికి వంగారు. "వస్తామండి," అన్నారు.

ఫోను పెట్టేశాక ఆయన ముఖంలో అలసట కనిపించింది. "దీని అర్థం తెలుసా నీకు? ప్రతి జిల్లాలోనూ మనుషులు కావాలి. పంపేసినవాళ్ళని మళ్ళీ పిలవాలి. ఈరోజు మొదలుపెట్టలేం. మనిషి లేకుండా అన్నీ నాడే చూసుకుంటుందని పైవాళ్ళకి మాట ఇచ్చింది నేనే. ఇప్పుడు వెళ్ళి కాదని చెప్పవలసిందీ నేనే."

"నేను కూడా వస్తానండి."

"నువ్వు వద్దు. వాళ్ళ ముందు మిక్సీ కథ మొదలుపెడతావు."

అలా అంటూనే పేరు లేని గది మీద వేలు పెట్టి, 'చూసి రావాలి' అని టైపు చేశారు. జబ్బు గదిలోంచి ఆ చారలన్నీ ఒక్కటొక్కటిగా వెనక్కి వచ్చి అక్కడ నిలబడ్డాయి. మొదటి ఫోను నన్నే చేయమన్నారు, సింహాచలానికి.

ఆ మధ్యాహ్నం రేవుకి వెళ్ళాను. కాలేజీ అయిపోగానే మా ఆయనా వచ్చారు, ఈసారి లుంగీ లేకుండా. నా పరికరం సంచిలోంచి తీయలేదు.

"మళ్ళీ తాళం పడిందా ఏంటండి?" అన్నారు నూకరత్నం గారు తువ్వాలు దులుపుతూ.

"లేదండి. ఇంక పడదు. మిషను చూద్దామని వచ్చాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నమ్మకం కుదిరాక ముందు నడిచారు. మిషను కింద మొన్న నేను దోనె అనుకున్నది పాత బోటు ముక్క. విరిగిపోయిన ఫైబర్ బోటు అంచుని కోయించి, వంచి, మిషను నోటికి బిగించారు. ఐసు ఇప్పుడు తట్టలోకే జారుతుంది. ఇదివరకు పెచ్చులు ఎగిరి తట్ట పట్టుకున్న ఆడవాళ్ళ కాళ్ళ మీద పడేవట. చీలమండల దగ్గర కోసుకునేదట. అది చెబుతూ ఆవిడ తన చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పాత గాట్లు చూపించారు. ఫ్యాక్టరీ కొనకముందు ఆవిడా తట్ట పట్టినావిడే.

"కోణం సరిగ్గా కుదిరిందండి," అన్నారు మా ఆయన వంగి చూస్తూ. "ఇంకొంచెం ఏటవాలైతే ఐసు ఎగిరేది."

"మూడుసార్లు కోయించేనండి ఆయ్, ఊరికే కుదిరిందా." నూకరత్నం గారి గాజులు గలగలమన్నాయి. మీట వేశారు. మిషను ఖాళీగా తిరిగింది. ఆపారు. మా ఇద్దరి ముఖాలూ చూశారు. తర్వాత ఒక దిమ్మని తోశారు. ఐసు ముత్యాల్లా తట్టలోకి జారింది. ఒక్క పెచ్చు కూడా బయట పడలేదు. నేను చెప్పు విడిచి నా కాలు అక్కడ పెట్టి చూశాను. చల్లటి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"చూసేరు కదా. చాలు," అని మీట ఆపేశారు. వెళ్ళేటప్పుడు తామరాకులో చుట్టిన వంజరం ముక్కలు మా ఆయన చేతిలో పెట్టారు. వద్దంటే వినలేదు.

స్కూటరు మీద వెనక కూర్చుని ఫోనులో నాడిని తెరిచాను. 'చూసి రావాలి' గదిలోంచి ఆవిడ చార మెల్లగా పలచబడి, మేం మెయిన్ రోడ్డు ఎక్కేలోపు పూర్తిగా వెళ్ళిపోయింది. ఆవిడకిప్పుడు ఏ సర్వీసూ అక్కర్లేదు.

ఇంటికి వచ్చి ధనియాలు, అల్లం, వెల్లుల్లి మిక్సీలో వేశాను. నిండుగా వేశాను. అది ఒక్క స్క్రూ తక్కువతో, పెద్ద గొడవ చేస్తూ, మెత్తగా నూరింది. భోజనాల బల్ల ఖాళీ అయింది కాబట్టి న్యూస్‌పేపరు తీసి తుడిచాను. నా జీవితంలో మొదటిసారి చేపల పులుసు పెట్టాను. చింతపండు సరిపోయిందో లేదో తెలియదు. కానీ ముక్క విరగలేదు, పైన నూనె ఎర్రగా తేలింది, కొత్తిమీర పచ్చగా ఉంది. గిన్నె మూత తీశాను. పెట్టాను. మళ్ళీ తీశాను.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి," అన్నాను.

ఆయన వచ్చారు. గరిటె అందుకోలేదు, రుచి చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పొయ్యికి ఇటువైపు నుంచి ఒకసారి, అటువైపు నుంచి ఒకసారి వంగి గిన్నెలోకి చూశారు.

"ఓహో," అన్నారు.